మనదైన బాకీ, మనది కాని బాకీ

(ధ్యాన భాగములు: నిర్గమకాండము 22:7–15, రోమీయులకు 13:7–8)



మన తండ్రుల కాలములో అప్పు అనగా ఇంటిల్లపాదికి తెలిసిన సంగతి. షావుకారు అరుగుమీద ప్రోనోటు వ్రాసెడివారు. ఇద్దరు సాక్షి సంతకములు చేసెడివారు. కొంత ముట్టజెప్పినప్పుడెల్ల నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనెడివారు. ఎవరికి ఎంత ఇయ్యవలెనో, నూటికి ఎన్ని రూపాయల వడ్డీయో పిల్లలు కూడ చెప్పగలిగెడివారు. నేడు మన పల్లెలలో కూడ అనేకుల జేబులలో క్రెడిట్ కార్డు ఉన్నది. పట్టణములో ఉద్యోగము చేయు కుమారునికి ఒకటి, ఊరిలోని ఉపాధ్యాయునికి ఒకటి, కోళ్ల ఫారము పెట్టిన యువకునికి ఒకటి. అప్పిచ్చినవాని ముఖము కనబడదు. నెలకొకసారి బిల్లు మాత్రము వచ్చును. ఆ బిల్లులో అప్పుడప్పుడు మనము ఎరుగని పద్దు కూడ కనబడును.

సంఘములను దర్శించునప్పుడు ఈ విషయమై మమ్మును అడుగువారున్నారు. “నేను కొననిదానికి బ్యాంకువారు సొమ్ము అడుగుచున్నారు. విశ్వాసి వాదులాడవచ్చునా? ఊరకే కట్టి సమాధానముగా ఉండుట మేలు కాదా?” అని కొందరందురు. “బ్యాంకువారు మనయొద్ద ఎంత తిన్నారో! మనము ఒకటి రెండు ఎగవేసిన దోషమేమి?” అని మరికొందరందురు. ఈ రెండు మాటలు ఒకదానికొకటి ఎదురుగా కనబడుచున్నను రెంటిలోను ఒకటే లోపమున్నది. బాకీ నిజముగా మనదా కాదా అని ఈ ఇద్దరిలో ఎవరును విచారించుట లేదు.

ధర్మశాస్త్రము ఈ విచారణను చిన్నదిగా ఎంచలేదు. నిర్గమకాండము ఇరువది రెండవ అధ్యాయమును చదువుడి. పొరుగువానియొద్ద దాచుకొన్న సొమ్ము దొంగిలబడిన యెడల ఏమి చేయవలెను? అప్పగించిన పశువును క్రూరమృగము చీల్చిన యెడల నష్టమెవరిది? ఎరవు తెచ్చిన ఎద్దు చచ్చిన యెడల, యజమానుడు దానియొద్ద ఉండెనా లేదా? ఒక వస్తువును ఇద్దరు మాది మాదియని చెప్పిన యెడల వారు న్యాయాధిపతుల యెదుట నిలువవలెను. దోషియని తేలినవాడు రెండంతలు ఇచ్చుకొనవలెను. సీనాయి కొండమీద దేవుడు తన ప్రజలకు ఎద్దును గూర్చియు గాడిదను గూర్చియు ఇంత వివరముగా చెప్పుట మనకు వింతగా తోచవచ్చును. అయితే పేదవాని ఇంట ఎద్దు పోయిన యెడల ఆ సంవత్సరపు అన్నము పోయినట్లే. కావున బిల్లును పట్టుకొని పద్దు పద్దును చూచుట లోకసంబంధమైన పనియని తలంపకుడి. అది నీతికి సంబంధించిన పనియే.

మొదటిది: మనది కాని బాకీ

మనము చేయని ఖర్చు మన పేర వ్రాయబడినది అనుకొందము. అప్పుడు కొండమీది ప్రసంగము కొందరి మనస్సుకు వచ్చును. అంగీ అడుగువానికి పైవస్త్రము కూడ విడువుమని ప్రభువు చెప్పెను గదా! కొరింథు సంఘములో వ్యాజ్యెములాడుకొనువారితో, దానికంటె అన్యాయము సహించుటయే మేలు కాదా అని పౌలు పలికెను గదా!

ఈ మాటలను మనము తేలిక చేయరాదు. కాని ఎవరితో, ఏ సందర్భమున అవి చెప్పబడెనో చూడవలెను. కొరింథులో సహోదరుడు సహోదరుని అన్యజనుల న్యాయస్థానమునకు ఈడ్చుచుండెను. ఆ సిగ్గును గూర్చి పౌలు వ్రాసెను. ఆ పౌలే ఫిలిప్పీలో న్యాయవిచారణ లేకుండ తన్ను కొట్టించిన అధికారులు రహస్యముగా పంపివేయజూచినప్పుడు, వారే వచ్చి తన్ను వెలుపలికి తీసికొని పోవలెనని పట్టుబట్టెను. కైసరయలో ఫేస్తు ఎదుట కైసరుకు చెప్పుకొందుననెను. చట్టము ఇచ్చిన హక్కును అతడు అడిగెను గాని ఎవనికిని కీడు చేయలేదు.

ఇంకొక సంగతి. మన అంగీని విడిచిపెట్టుటకు మనకు స్వాతంత్ర్యమున్నది. బిడ్డల పుస్తకములకు, తల్లి మందులకు ఉంచిన సొమ్మును దొంగకు విడిచిపెట్టుటకు అంత స్వాతంత్ర్యమున్నదా? ప్రేమచేత నష్టము సహించుట ఒకటి, బ్యాంకు మెట్లెక్కుటకు భయపడి నష్టము సహించుట మరియొకటి. ఆ రెండవదానికి మనము సాత్వికమని పేరు పెట్టుచున్నాము. మనము మౌనముగా కట్టిన యెడల ఆ దొంగ రేపు మరియొక ఇంటి తలుపు తట్టును.

కాబట్టి అడుగవలెను, అయితే క్రమముగా అడుగవలెను. సంఘములో తప్పు చేసిన సహోదరుని విషయమై మత్తయి పదునెనిమిదవ అధ్యాయములో ప్రభువు మూడు మెట్లు చూపెను. మొదట అతనితో ఒంటరిగా మాటలాడవలెను, పిమ్మట సాక్షులతో పోవలెను, తుదకు సంఘమునకు తెలుపవలెను. బ్యాంకు మన సహోదరుడు కాకపోయినను ఆ క్రమములోని వివేకము ఇక్కడను పనికివచ్చును. సొమ్ము కట్టినను వస్తువు రాకున్న యెడల మొదట అమ్మినవానిని అడుగుడి. అతడు వినని యెడల కార్డు ఇచ్చిన బ్యాంకునకు వ్రాతపూర్వకముగా తెలుపుడి. బ్యాంకు ముప్పది దినములలో ఉత్తరమియ్యకపోయినను, ఇచ్చిన ఉత్తరము న్యాయముగా లేకపోయినను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసికొనవచ్చును. దానికి రుసుము లేదు. అమ్మకపుదారుల మీది ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 ఉన్నది. మోసగాడు సొమ్ము లాగినప్పుడు మాత్రము ఈ మెట్ల కొరకు ఆగవద్దు. వెంటనే బ్యాంకునకు చెప్పి కార్డును ఆపించి, సైబర్ నేరముల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయవలెను.

త్వరపడుట ఏల అవసరమో చెప్పెదము. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశములో ఈ లెక్క ఉన్నది. బ్యాంకు తప్పుగాని ఖాతాదారుని తప్పుగాని లేకుండ మూడవవాని వలన సొమ్ము పోయినప్పుడు, సమాచారము అందిన మూడు పనిదినములలో తెలిపినవానికి నష్టము ఏమియు లేదు. నాలుగు మొదలు ఏడు దినములలో తెలిపినవానికి నష్టము కొంత మేరకే. అయిదు లక్షలలోపు పరిమితిగల క్రెడిట్ కార్డునకు అది 10,000 రూపాయలు మించరాదు. ఏడు దినములు దాటిన యెడల ఆయా బ్యాంకు విధానమే శరణ్యము. తప్పు ఖాతాదారునిదని రుజువు చేయవలసిన భారము బ్యాంకుమీదనే పెట్టబడెను. ఇట్టి నిబంధనలు అప్పుడప్పుడు సవరింపబడుచుండును గనుక ప్రస్తుతపు లెక్కను మీ బ్యాంకులోనే విచారించుకొనుడి. సారాంశమిది: ఆదివారము కొరకో జీతపు దినము కొరకో ఆగకూడదు.

మృగము చీల్చిన పశువును సాక్ష్యముగా తీసికొని రమ్మని ధర్మశాస్త్రము చెప్పినది. అట్లే మనమును ఫోనుకు వచ్చిన సందేశమును, బిల్లును, కొన్నదాని రసీదును చెరిపివేయక తీసికొనిపోవలెను. ఫిర్యాదు సంఖ్యను అడిగి వ్రాసికొనవలెను. చెల్లు వ్రాయించుకొనక షావుకారు అరుగు దిగినవాడు లేడు గదా! ఒకసారి పోయి ఊరకుండరాదు. అన్యాయస్థుడైన న్యాయాధిపతియొద్దకు మాటిమాటికి పోయిన విధవరాలిని ప్రార్థనకు మాదిరిగా ప్రభువు మనకు చూపెను. ఆమె ఓపిక న్యాయము అడుగుటకును మాదిరియే.

అడుగకయే కార్డు పంపి, సమ్మతి లేకుండ దానిని నడిపించి, దానికి రుసుము వేయు పద్ధతియు ఉండెను. 2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు దానిని నిషేధించి, అట్లు వసూలు అడిగినవారు ఆ రుసుమును రద్దుచేయుటయే గాక దానికి రెండంతలు కార్డుదారునికి ఇచ్చుకొనవలెనని ఆదేశించెను. మోషే ధర్మశాస్త్రములోని రెండంతలను ఎరిగిన మనకు ఈ లెక్క క్రొత్తది కాదు.

అయితే ఒక హెచ్చరిక. బిల్లులో ఒక పద్దు అబద్ధమైనంత మాత్రమున తక్కిన పది పద్దులు అబద్ధములు కావు. వివాదమున్న పద్దును వేరుపరచి, మిగిలినదానిని గడువులోగా చెల్లించవలెను. ఎవరికి ఏది ఋణమో దానిని వారికి తీర్చుమని అపొస్తలుడు చెప్పిన మాటకు ఇదియే అర్థము.

రెండవది: మనదే గాని కాదనదలచిన బాకీ

ఇది సున్నితమైన సంగతి. కొన్నదాని సంతోషము తీరిన పిమ్మట బిల్లు వచ్చును. చీర కట్టితిమి, ఫోను వాడితిమి, ఇప్పుడు “ఇది మాకు అందలేదు” అని వ్రాసిన యెడల సొమ్ము తిరిగి రావచ్చును. పెద్ద బ్యాంకునకు ఇది ఏపాటి అని తోచును. కాని అట్టి ఫిర్యాదు నెగ్గినప్పుడు ఆ సొమ్ము అనేక పర్యాయములు అమ్మినవాని ఖాతానుండియే తీయబడును. అతడు మంగళగిరిలో నాలుగు మగ్గముల చీరలు అమ్ముకొను చిన్న వర్తకుడు కావచ్చును. మనము చూడని వాని ఇంట మన అబద్ధము ఆకలి పెట్టును. అప్పు పుచ్చుకొని తీర్చకుండువాడు భక్తిహీనుడని ముప్పది యేడవ కీర్తన చెప్పునప్పుడు, ఇచ్చినవాడు ధనవంతుడా పేదయా అని అది అడుగలేదు.

మరియొక విధమైనది మన పల్లెలలో తరచుగా జరుగుచున్నది. బావమరదియో స్నేహితుడో వచ్చి, “నీ కార్డు మీద ఫోను తీసిపెట్టు బావా, వాయిదాలు నేను కట్టుకొంటాను” అనును. రెండు నెలలు కట్టి మానివేయును. బ్యాంకు కార్డుదారుని అడుగును. “నేను కొనలేదు, వాడు కొన్నాడు” అని అతడు చెప్పును. న్యాయముగా చూచిన యెడల కొన్నవాడు అన్యాయము చేసినాడు, నిజమే. అయినను బ్యాంకు ఎదుట ఆ బాకీ కార్డుదారునిదే, ఏలయనగా అతడు తెలిసి ఇచ్చెను. పొరుగువానికి పూటపడినవాడు తన నోటి మాటలచేతనే చిక్కుకొనెనని సామెతలు ఆరవ అధ్యాయము చెప్పుచున్నది. వలనుండి లేడివలె తప్పించుకొనుమనియు, నిద్రపోక ఆ పొరుగువానినే పోయి బతిమాలుమనియు అక్కడ ఉపాయము కూడ ఉన్నది. బ్యాంకు మీద దొంగ ఫిర్యాదు పెట్టుట ఆ ఉపాయము కాదు. బావమరది ఇంటికి పోవుట కష్టము, ఫిర్యాదు వ్రాయుట సులభము, అందుచేతనే శోధన.

మూడవది: సత్యమునకు వెల ఉన్నప్పుడు

ఇంతవరకు మంచి చెడ్డలు తేటగానే ఉన్నవి. ఇప్పుడు మనలను నిజముగా కలతపరచు సంగతికి వచ్చెదము.

ఒక సహోదరునికి ఫోను వచ్చినది అనుకొందము. “బ్యాంకునుండి మాటలాడుచున్నాము, మీ కార్డు ఈ రాత్రికి ఆగిపోవును, వచ్చిన నంబరు చెప్పండి” అని వారు తొందరపెట్టిరి. అతడు చెప్పెను. నిమిషములో 48,000 రూపాయలు పోయెను. అతడు బుద్ధిహీనుడు కాడు. తెలివిగా అల్లిన వలలో పడెను. ఇప్పుడు ఫిర్యాదు వ్రాయవలెను. తెలిసినవారందరు ఒకటే సలహా చెప్పుదురు: “ఓ.టి.పి. ఎవ్వరికీ చెప్పలేదని రాయి. చెప్పానంటే పైసా రాదు.” ఆ సలహాలో లోకజ్ఞానమున్నది. 2017 నాటి ఆ ఆదేశము ప్రకారము, రహస్య సంఖ్యను తానే చెప్పి నిర్లక్ష్యము చేసినవాడు, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టమును తానే భరించవలెను. తెలిపిన పిమ్మట జరిగినది మాత్రమే బ్యాంకుది. కావున ఒక అబద్ధపు వాక్యము విలువ అతనికి 48,000 రూపాయలు. అతడు నిజముగా మోసపోయినవాడే. దొంగ వేరొకడు. ఒక్క మాట మార్చిన యెడల ఎవరికి అన్యాయము?

మేము దీనిని తేలికగా తేల్చజాలము. ఆ సొమ్ము అతనికి ఆరు నెలల కష్టము కావచ్చును. అయినను ఈ మాట చెప్పక తప్పదు: దొంగ అతని సొమ్మును ఎత్తుకొనిపోయెను; సాక్ష్యమును ఎత్తుకొనిపోలేదు. దానిని పోగొట్టుకొనగలవాడు అతడొక్కడే. అబద్ధము వ్రాసిన యెడల, పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞను 48,000 రూపాయలకు అమ్మినట్లగును. నష్టము కలిగినను ఒట్టు తప్పనివాడే దేవుని పర్వతము మీద నివసించునని పదునైదవ కీర్తన చెప్పుచున్నది. నష్టము కలుగునని ఎరిగియే కీర్తనకారుడు ఆ మాట వ్రాసెను.

కాబట్టి అతడు ఇట్లు వ్రాయవలెను: “నేను మోసపోయి సంఖ్యను చెప్పితిని. ఇన్ని గంటలకు చెప్పితిని, ఇన్ని గంటలకు మీకు తెలిపితిని.” ఈ సత్యము నిష్ఫలము కాదు. 1930కి వెంటనే చెప్పిన యెడల సొమ్ము దొంగల ఖాతాలు దాటకముందే దానిని నిలిపివేయుటకు వీలున్నది. జరిగినది జరిగినట్లు చెప్పినవాని మాటనుబట్టి పోలీసువారు దొంగ జాడ తీయగలరు. కల్పించినవాని మాట వారిని ప్రక్కదారి పట్టించును. సొమ్ము తిరిగి రాకపోవచ్చును కూడ. ఆ మాటను మేము దాచము.

ఇక్కడ సంఘము తన్ను తాను పరీక్షించుకొనవలెను. మోసపోయినవాడు మూడు దినములు ఎవరికిని చెప్పక ఏల ఊరకుండును? మనము నవ్వుదుమని. “చదువుకున్నవాడివి, ఆ మాత్రం తెలియదా?” అని రచ్చబండ దగ్గర అందుమని. ఆ సిగ్గుచేత దినములు గడచును. దినములు గడచినకొలది సొమ్ము దక్కు ఆశ తగ్గును. మన నవ్వు వలన అతని నష్టము పెరిగెనన్నమాట. ఒకని భారమును ఒకడు మోయవలెనని గలతీయులకు వ్రాయబడినది. సత్యము చెప్పుము, నష్టపోయినను పర్వాలేదు అని వానికి బోధించిన సంఘము, ఆ నష్టములో తానును కొంత మోయని యెడల, ఆ బోధ బరువంతయు వాని ఒక్కని భుజముల మీదనే పెట్టినట్లగును.

నాలుగవది: నిజముగా మనదైన బాకీ

వివాదములన్నియు తీసివేసిన పిమ్మట మిగులునది మన అప్పే. క్రిస్మసు బట్టలు, కుమార్తె ఓణీల వేడుక, క్రొత్త ఫోను. గడువులోగా మొత్తము చెల్లించువానికి కార్డు అప్పు వడ్డీ లేని చేబదులు వంటిది. కొంత మిగిల్చినవానికి సాధారణముగా కొన్న దినమునుండియే వడ్డీ లెక్కించుదురు. బిల్లులో “కనీస మొత్తము” అని ఒక అంకె ఉండును. అది దయవలె కనబడును. లెక్క చూడుడి: 40,000 రూపాయల బాకీ, నెలకు నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. వడ్డీ 1,400, దాని మీద నూటికి 18 చొప్పున పన్ను 252. మనము 2,000 కట్టిన యెడల అసలులో తగ్గునది 348 రూపాయలు మాత్రమే. ఊరిలో రెండు రూపాయల వడ్డీ అన్నవానిని నిర్దయుడని మనము నిందించుదుము. జేబులో మూడున్నర రూపాయల వడ్డీని మోయుచు దానిని గౌరవమనుకొందుము.

నెహెమ్యా కాలములో పొలములను, ద్రాక్షతోటలను కుదువబెట్టి, బిడ్డలను దాసులుగా ఇచ్చిన ప్రజలు మొఱపెట్టినప్పుడు, అతడు ప్రధానులను గద్దించి నూటికొక వంతుగా వారు తీసికొనుచున్నదానిని తిరిగి ఇచ్చివేయుమనెను. అది నెలకు నూటికొకటి అని వ్యాఖ్యాతలు అనేకులు చెప్పుదురు. మన దేశములో క్రెడిట్ కార్డుల మీద సంవత్సరమునకు నూటికి ముప్పదికి మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పెను. 2024 డిసెంబరు 20న సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. కనుక చట్టము మనలను ఈ వడ్డీనుండి కాపాడునని ఎదురుచూడక, మనమే దానికి దూరముగా నిలువవలెను.

చిక్కుకొనినవారు ఏమి చేయవలెను? ఎలీషాయొద్దకు వచ్చిన విధవరాలిని చూడుడి. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను పట్టుకొనిపోవుటకు వచ్చియుండెను. ఆమె మొదట చేసిన పని దాచక చెప్పుట. ఇంటిలో ఏమున్నదని ప్రవక్త అడిగెను. ఉన్నది ఆమె లెక్క చెప్పెను. ఇరుగుపొరుగువారు పాత్రలు ఇచ్చిరి. నూనె నిండిన పిమ్మట ప్రవక్త చెప్పిన వరుస గమనించుడి: అమ్ముము, అప్పు తీర్చుము, మిగిలినదానితో నీవును నీ కుమారులును బ్రతుకుడి. మన ఇండ్లలో ఈ వరుస తలక్రిందులై, ముందు బ్రతికి మిగిలిన యెడల తీర్చుదుమనుచున్నాము.

కావున భార్యకు తెలియని అప్పు, భర్తకు తెలియని అప్పు ఇంటిలో ఉండనియ్యకుడి. కార్డును ఆపి, అధిక వడ్డీగల బాకీని ముందు తీర్చుడి. కార్డుతో రొక్కము తీయవద్దు. దానికి మొదటి దినమునుండియే వడ్డీ. ఒక అప్పు తీర్చుటకు ఫోనులోని అప్పుల యాప్‌ను ఆశ్రయింపవద్దు. అట్టివారి వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనగా 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు అనేకులను అరెస్టు చేసిరి. బాకీ ఉన్నవాడు తలవంచుకొని అవమానము సహింపనక్కరలేదు. అప్పిచ్చినవాడు తాకట్టు కొరకు బాకీదారుని ఇంటిలో చొరబడక వెలుపల నిలువవలెనని ద్వితీయోపదేశకాండము చెప్పినది. ఉదయము ఎనిమిది గంటలకు ముందుగాని సాయంకాలము ఏడు గంటల తరువాతగాని వసూలుకై ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించెను. బాకీదారుడును మనుష్యుడే.

సంఘ పెద్దలకు ఒక మనవి. ప్రతి సంఘములోను బిల్లు చదువనేర్చిన యువకులిద్దరిని నియమించుడి. ఆరాధన అయిన పిమ్మట వృద్ధుల ఫోనులలోని సందేశములు వారు చూచి చెప్పవలెను. ఎవరి రహస్య సంఖ్యను అడుగరాదు, విన్నది ఊరిలో చెప్పరాదు. మోసపోయినవారిని బ్యాంకునకు తోడుగా తీసికొనిపోవుడి. ఆ విధవరాలికి ఇరుగుపొరుగువారు ఇచ్చిన పాత్రల వంటి సహాయము ఇదియే.

పౌలు ఒనేసిమును గూర్చి ఫిలేమోనునకు వ్రాయుచు, అతడు ఏమైన అచ్చియున్న యెడల ఆ లెక్క తన మీద వేయుమని స్వహస్తముతో వ్రాసెను. తనది కాని బాకీని అతడు ప్రేమచేత, తెలిసి, తన పేరు పెట్టి తనమీద వేసికొనెను. మన ప్రభువు మనకొరకు చేసినదియు అదియే. అట్టి ప్రభువు బిడ్డలము గనుక మనది కానిదానిని భయము లేక కాదనుదము. మనదైనదానిని సాకులు లేక తీర్చుదము. సహోదరునిదైనదానిలో కొంత మనదిగా ఎంచుదము. ఎన్నటికిని తీరని ప్రేమ ఋణమొక్కటే మన ఇండ్లలో మిగులునుగాక. ఆమేన్.